కట్టనా?

“కట్టనా?” అని అడిగాడు మాణిక్యప్ప, పుస్తెలు ఎక్కించిన కొత్త పసుపు తాడును రెండు చేతులతో పట్టుకుని.

“కట్టు,” అంది భీమమ్మ, కొంగు కాస్త పక్కకు జరిపి.

బోరంచ నల్లపోచమ్మ గుడి బయట, జనానికి కొంచెం ఎడంగా కూర్చున్నారు. డెబ్బై ఆరేళ్ల చేతులు వణుకుతుంటే ముడి ఒక పట్టాన పడటం లేదు. అవ్వ తొందరపెట్టకుండా మెడ వంచుకుని కూర్చుంది. పక్కనే ఉన్న మనవరాలు శివానికి కళ్లు చెమర్చాయి. ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా చూస్తున్నదే అయినా ఆమెకు తనివి తీరదు.

పాత తాడు తీసి కొత్తది వేసుకోవడం అందరి ఇళ్లలోనూ ఉన్నదే. ఆడవాళ్లు ఏ శుక్రవారమో ఇంట్లోనే కానిచ్చేస్తారు. ఏటా పెళ్లి రోజున పని మానుకుని, ఆటో మాట్లాడుకుని, ఇంత దూరం వచ్చి, మొగుడు అడిగి మరీ కట్టే ముచ్చట మాత్రం నారాయణఖేడ్ మొత్తానికి ఈ ఒక్క ఇంట్లోనే ఉంది.

“యాభై రెండేండ్ల సంది కడుతున్నవ్ గద తాతా. ఇంకా అడుగుడేంది?” అంది శివాని.

“అడగాలె బిడ్డా. వద్దంటదేమో, ఎవరికెరుక?”

“సరే. అవ్వను మొదటిసారి ఎక్కడ చూసినవో ఇయ్యాలన్న నిజం చెప్పు.”

“పంచాయితీల,” అన్నాడు తాత ఎప్పటిలాగే.

“మంచిగనే ఉంది! గుడిల తాళి కట్టి, పంచాయితీల మొఖం చూసినవా?”

తాత బోసినోటితో నవ్వి, పాత తాడును వేపకొమ్మకు కట్టి వస్తానంటూ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు.

ఆ పంచాయితీ సంగతి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కంగ్టి దిక్కున అవ్వ పుట్టిన ఊళ్లో ఆమె తండ్రి, పద్దెనిమిదేళ్ల పిల్లను యాభై ఏళ్ల మనిషికి రెండో పెళ్లానికి ఇవ్వబోయాడు. ఆ వారంలోనే అవ్వ మెడలో పసుపు కొమ్ము కట్టిన తాడుతో, బావులు తవ్వే మాణిక్యప్ప ఇంటికి వచ్చి గడపలో కూర్చుంది. నల్లపోచమ్మ ముందర ఆయనే కట్టాడని చెప్పింది. కట్టిన మర్నాడే తాత పక్క ఊరి బావి పనికి పోక తప్పలేదట. కబురంది ఆయన తిరిగి వచ్చేసరికి వాకిట్లో పంచాయితీ, కర్రలు పట్టుకున్న పదిమంది. “నువ్వే కట్టినవారా?” అని అడిగారు. తాత అవ్వ వైపు ఒకసారి చూశాడు. గడ్డపార కింద పెట్టి, “నేనే కట్టిన,” అన్నాడు. ఒళ్లు హూనమయ్యేలా కొట్టినా మాట మార్చలేదు. ఎడమ కనుబొమ మీద ఆ దెబ్బ గుర్తు ఇప్పటికీ ఉంది.

చిన్నప్పుడు శివాని ఆ మచ్చను వేలితో తడుముతూ నిద్రపోయేది. అలాంటి మనిషి ఒడిలో పెరిగినందుకు ఆమెకు ఎంత గర్వమో అంత కృతజ్ఞత.

ఫోన్ మోగింది. ఇంటి నుంచి నాయిన మహిపాల్.

“పొద్దుగూకేలోపల ఏదో ఒకటి చెప్పు బిడ్డా. పిలగాని తరఫోళ్లు ఇంకెన్ని దినాలు ఆగుతరు?”

“పది నిమిషాలల్ల ఫోన్ చేస్త నాయినా,” అని పెట్టేసింది.

“ధర్మేందర్ మంచోడే అంటున్నరు గద?” అంది అవ్వ.

“మంచోడే అవ్వా. గని ధైర్యం లేదు. రెండు సార్లు మాట్లాడిన. పెండ్లయినంక నౌకరి చెయ్యాల్నా అంటే నీ ఇష్టం అంటడు. ఏడ ఉందాం అంటే నువ్వు చెప్పు అంటడు. వాళ్లమ్మ నౌకరి ఇడిసిపెట్టాలె అన్నదంట, దానికి ‘అది శివాని చెప్పాలె, నువ్వూ నేనూ కాదు’ అన్నడంట. అన్నిటికి నన్ను అడుగుడే! కట్టెలు పట్టుకున్నోళ్ల నడుమ నిలవడి నేనే కట్టిన అన్న తాతను చూసినంక, గసొంటోన్ని ఎట్ల చేసుకుంట? వద్దని చెప్తున్న.”

నంబరు నొక్కబోయింది. అవ్వ ఫోన్ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

“చేసుకో అని నేను చెప్ప. నీ మనసు నీది. గని అడిగెటోన్ని పిరికోడనుకోకు.”

“తాతకు భయముండెనా మరి?”

“ఆయన సంగతి నీకేమెరుక! మా ఊరికి బాయి పనికి వచ్చిండు. పగటి బువ్వకాడ మట్టి మోసే ఆడోళ్లందరు నీళ్లు తాగినంకనే తను తాగెటోడు. మా మిద్దె మీదికెల్లి నెల దినాలు చూసిన. ఇంత మంచి బతుకు ఇచ్చిండు. పొద్దుగాల లేవంగనే పోచమ్మకంటె ముందు ఆయనకే దండం పెట్టుకుంట.”

“అంత ధైర్యంగ తాళి కట్టినందుకా?”

అవ్వ తల అడ్డంగా ఊపింది. వేప కింద తాత మునివేళ్ల మీద నిలబడి, అందని కొమ్మను పక్కనున్న వాళ్లు వంచి పట్టుకోగా, పాత తాడును పదిలంగా ముడి వేస్తున్నాడు. ఆయన వైపే చూస్తూ అవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుంది.

“మీ నాయినకు సుత తెల్వదు. నువ్వు ఎవ్వరికీ చెప్పకు.”

“ఏంది అవ్వా?”

“ఆ మొదటి తాడు నేనే కట్టుకున్న బిడ్డా, ఆయన్ను అడగకుండ.”