ఆగిపోయే నిమిషం

భార్య మిగిల్చి పోయిన ఒక్కగానొక్క వీడియోనూ బావమరిది డిస్కులోకి ఎక్కించబోయి తగలేశాడు. అందులో అనుమానం లేదు. ఎన్నిసార్లు పెట్టినా, ఆమె ఏదో చెప్పబోయి నోరు తెరిచేసరికి డిస్కు బిగుసుకుపోయేది.

"దమ్మిడీకి కొరగాని పని," అంటూ అతను బావమరిది ఎదుటే డిస్కును వీడియో షాపువాడి బల్ల మీద పడేశాడు.

షాపువాడు కంప్యూటర్లో పెట్టి చూశాడు. "పని శుభ్రంగానే ఉందండీ. మీ పాత ప్లేయర్ మోయగలిగేట్టు డిస్కంతా బిట్‌రేట్, అంటే సెకనుకి చదవాల్సిన డేటా, ఆరు మెగాబిట్లలో పెట్టారు. ఈ ఒక్క నిమిషం మాత్రం తొమ్మిది దాటించారు. అక్కడ ప్లేయర్ చతికిలబడుతుంది. పొరపాటున జరిగేది కాదిది."

బావమరిది తల దించుకున్నాడు. "అక్క మాట కత్తిరించడానికి చెయ్యి రాలేదు బావా. వినకు. ఇంటికి పోదాం పద."

"వెయ్యవయ్యా," అన్నాడతను షాపువాడితో.

కంప్యూటర్ ఎక్కడా ఆగలేదు. తెర మీద ఆమె, కెమెరా పట్టుకున్న తమ్ముడితో గొంతు తగ్గించి అంది: "రొమ్ములో గడ్డ తగిలి ఆర్నెల్లయిందిరా. మీ బావకి చెప్పకు. ఆయన నోటికి జడిసే డాక్టరు దగ్గరికి పోలేదు."

షాపువాడు వెనక్కి తిరగకుండానే అడిగాడు. "దీన్నీ ఆరుకి దించి ఇంకో డిస్కు రాసివ్వమంటారా?"

"వద్దు. అది ఆగే చోటే ఆగనీ."

డిస్కు జేబులో పెట్టుకుని, మెట్ల దగ్గర బావమరిది వైపు తిరిగాడు.

"ఈ సంగతి ఇక నా ముందు ఎత్తకు. నేనూ ఎత్తను."