ఒకటే వాకిలి

ఒరతాయ్ కూతురి గులాబీరంగు చెప్పులు ఎవరో ముసలాయన చేతిలో ఉన్నాయి.

"ఏయ్ పెద్దాయనా! మా పిల్ల చెప్పులతో నీకేం పని?"

"జల్లు కొడుతోందమ్మా. తడుస్తాయని లోపలికి జరుపుతున్నా."

"పిల్ల ఏది?"

"లోపలే ఉంటుంది తల్లీ. చెప్పులు ఇక్కడున్నాయిగా."

ఒరతాయ్‌కి ఏడుపొక్కటే తక్కువ.

బాంకాక్ పార్కులో కొత్తగా కట్టిన పిల్లల మ్యూజియం అది. చూడముచ్చటగానే ఉంది. కట్టినవాడికి పెద్దవాళ్లంటే ఏం కోపమో గానీ, నిద్రగన్నేరు చెట్టు కొట్టకుండా దాని చుట్టూ భవనాన్ని పుట్టలా తిప్పేశాడు. గోడల నిండా పిల్లలు మాత్రమే దూరే కన్నాలు. కన్నంలోంచి వెదురు వంతెన, వంతెన మీంచి తాళ్ల నిచ్చెన.

ఆరేళ్ల బైతోయ్ వాకిట్లో చెప్పులు విడిచి, ఒక కన్నంలో ఉడతలా దూరింది. అంతే, మళ్లీ జాడ లేదు. ఒరతాయ్ పైనా కిందా పిచ్చిదానిలా తిరిగింది. కన్నాల్లో తలపెట్టి అరిచింది. అంతమంది పిల్లల గోలలో ఆ అరుపు ఎవరికి వినిపిస్తుంది?

"కాసేపు ఇక్కడే కూర్చో అమ్మా," అన్నాడు ముసలాయన. "ఏ దారిన పోయినా ఈ వాకిట్లోకే దిగాలి. తక్కిన తలుపులు ప్రమాదమొస్తేనే తెరుచుకుంటాయి."

"కూర్చోవాలా? నీ పిల్ల అయితే తెలిసేది!"

ఆయన వాకిట్లో కూర్చుని చెప్పులు జతగా సర్ది పెట్టాడు.

"పిల్లల చెప్పుల దగ్గర నీకేం పనంటే చెప్పవేం?"

"ఊరికేనమ్మా. అందరూ తొడుక్కుని వెళ్లేదాకా చూస్తుంటా."

ఆ మాటకి ఒరతాయ్ భయం రెట్టింపయింది. గార్డు వినైని కేకేసింది.

"తమ్ముడూ, ముందు ఈయన్ని బయటికి పంపించు!"

వినై నసిగాడు. "అక్కా, ఆయన..."

"పంపిస్తావా, పోలీసుల్ని పిలవనా?"

ముసలాయనే లేచాడు.

"ఎందుకులే వినై, నేనే వెళ్తా. ఆ చెప్పులు మాత్రం ఎవర్నీ కదపనివ్వకు."

గొడుగైనా లేకుండా వానలోకి నడిచాడు.

ఆయన గేటు దాటాడో లేదో, పైన గోడలోంచి ఒక కేరింత. జారుడుబల్ల మీంచి బైతోయ్ వచ్చి తల్లి కాళ్ల దగ్గర పడింది.

"అమ్మా! చెట్టు కొమ్మ మీద ఇల్లుంది! ఇంకోసారి వెళ్లనా?"

ఒరతాయ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. పిల్లను గుండెకు హత్తుకుని బావురుమంది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే వీపు మీద ఒకటి వేసింది.

మనసు కుదుటపడ్డాక సిగ్గు మొదలైంది. గేటు వైపు చూసింది. అక్కడ వాన తప్ప ఎవరూ లేరు.

"పాపం, ఆయన చెప్పిందే నిజమైంది. ఇక్కడ పనిచేస్తారా?"

"లేదక్కా. ఇదివరకు ఇక్కడ పాత హాలుండేది. నాలుగు వైపులా నాలుగు తలుపులు. ఇది కట్టేటప్పుడు తాత రోజూ వచ్చి ఇంజినీర్ల కాళ్లావేళ్లా పడేవాడు. లోపల ఎన్ని దారులైనా పెట్టండి, బయటికి వాకిలి మాత్రం ఒకటే ఉంచండి అని. విసుక్కున్నారు, తరిమేశారు. చివరికి ఆయన మాటే విన్నారు."

"ఎందుకంత పట్టుదల?"

వినై బైతోయ్ చెప్పుల వైపు చూశాడు.

"ఆయన కూతురు ఈ పాప వయసులో ఆ పాత హాల్లోంచి వేరే తలుపున వెళ్లిపోయిందక్కా, మళ్లీ దొరకలేదు. చెప్పులు మాత్రం ఈ వాకిట్లోనే ఉండిపోయాయి."