ఖాళీ కొక్కెం

కృపారాణి సంచిలో అన్నీ సర్దుకుంది, ఒక్క కోటు తప్ప.

సాయంత్రం బండికి బెజవాడ, అక్కడ మారి ఢిల్లీ. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. అక్కడ డిసెంబరంటే ఎముకలు కొరికే చలి.

"అక్కడే కొనుక్కుంటాలే అమ్మమ్మా."

"నోర్ముయ్. కోటు లేకుండా ఈ ఇంట్లోంచి ఎవరూ పై ఊళ్ళకి వెళ్ళలేదు," అంటూ సంపూర్ణమ్మ వీధి గుమ్మం పక్కన, మెట్ల కింద ఉన్న చిన్న అర తలుపు తీసింది.

అది కోట్ల అర. నరసాపురంలో కోటు తొడుక్కునేంత చలి ఎప్పుడూ ఉండదు. రైల్వేలో పనిచేసిన ఆమె భర్త యెహెజ్కేలు గారు కొన్న ఉన్నికోట్లు అవి. ఇంటర్వ్యూకనీ, మిలిటరీ సెలక్షన్లకనీ చర్చి వీధిలో ఎవరు ఉత్తరాదికి వెళ్ళినా ఇక్కడే అడిగి తీసుకునేవారు. షరతు ఒక్కటే. తీసుకెళ్ళినవాళ్ళే తెచ్చి, తీసిన కొక్కేనికే తగిలించాలి. ఇంకొకరి చేత పంపితే సంపూర్ణమ్మ పుచ్చుకునేది కాదు.

"కోటు కోసం కాదు. మనిషి తిరిగొచ్చాడని కళ్ళతో చూడాలి," అనేది.

ఆ అర సర్ది ఏళ్ళయింది. ఈ రోజు సర్ది తీరాలనుకుంది. ఒక్కో కోటూ తీసి దులిపింది. కలరా ఉండలు ఎప్పుడో హరించుకుపోయాయి. బూడిదరంగు కోటుకి పురుగు పట్టేసింది. నీలం కోటు తొడిగి చూస్తే చేతులు కృపారాణికి మోచేతుల దాకానే వచ్చాయి. మిగిలింది యెహెజ్కేలు గారి పెళ్ళికోటు.

"ఇది వేసుకెళ్తే పేషెంట్లు నన్ను పెళ్ళికొడుకనుకుంటారు," అంది కృపారాణి.

సంపూర్ణమ్మ నవ్వలేదు. చివరి కొక్కెం వైపు చూస్తోంది. అది ఖాళీ.

"దానికి గొడుగు తగిలించనా?"

"వద్దు. అది శ్యాంబాబుది."

శ్యాంబాబు ఆమె తమ్ముడు. తల్లి పోతే తనే పెంచింది. ఢిల్లీలో ఏదో క్యాంటీన్‌లో వంటపనికి వెళ్తూ గోధుమరంగు కోటు పట్టుకెళ్ళాడు. కరోనా రోజుల్లో ఎవరో వచ్చీరాని తెలుగులో ఫోన్ చేసి, పోయాడన్నారు. అప్పుడు వెళ్ళడానికి లేకపోయింది. తర్వాత ఇంకే కబురూ రాలేదు.

"చూసినవాళ్ళెవరు?" అంది సంపూర్ణమ్మ. చర్చిలో అతని పేరున జ్ఞాపకార్థ కూటం పెట్టిద్దామంటే ఒప్పుకోలేదు. ఇప్పటికీ అదే మాట.

గుమ్మంలో అలికిడైంది.

"అక్కాయ్."

నడివయసు మనిషి. చిన్న కళ్ళు, భుజాన సంచి, చేతిమీద మడత పెట్టిన కోటు. చలికాలం రాగానే నేపాల్ వైపు నుంచి వచ్చి స్టేషను రోడ్డులో స్వెట్టర్లు అమ్ముకునేవాళ్ళలా ఉన్నాడు.

'వరసలు మాత్రం బాగా నేర్చారు,' అనుకుంది సంపూర్ణమ్మ.

"మాకేం వద్దు బాబూ. ఉన్న కోట్లు సర్దలేకే చస్తున్నాం."

"అమ్మడానికి కాదండి. ఇవ్వడానికండి."

"ముందు అందరూ అలాగే అంటారు."

అతను కోటు మడత విప్పాడు. మెడ దగ్గర, కొక్కేనికి తగిలించే చోట, తెల్లటి లేసు దారంతో అల్లిన తాడు ఉంది. ఆ అల్లిక తనదే.

సంపూర్ణమ్మ చెయ్యి తలుపు మీద బిగుసుకుంది.

"శ్యాంబాబు అన్న..." అతను మొదలుపెట్టాడు.

"వాణ్ణే తెమ్మను."

"అది కాదండి, అన్న..."

"తీసుకెళ్ళినవాడే తేవాలి. ఇది ఈ ఇంటి పద్ధతి. నీకు తెలియకపోతే వాడికి తెలుసు."

"అమ్మమ్మా, ఆయన్ని చెప్పనీ."

"నాకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు."

అతను కోటు మళ్ళీ మడత పెట్టి, ఆమె భుజం మీదుగా ఖాళీ కొక్కెం వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

తలుపేసి సంపూర్ణమ్మ మళ్ళీ అర ముందు కూర్చుంది. పురుగు పట్టిన కోటు పాతగుడ్డల్లో పడేసింది. మిగతావి వరసగా తగిలించింది. అడుగున వేపాకు పరిచింది. జేబుల్లో కొత్త కలరా ఉండలు వేసింది. చివరి కొక్కేన్ని గుడ్డతో తుడిచి, అలాగే వదిలేసింది.

కృపారాణి కోటు లేకుండానే బండెక్కింది.

భీమవరం దాటాక ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, కోటు దొరికింది. గోధుమరంగుది."

సంపూర్ణమ్మ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఆయన మా పెట్టెలోనే ఉన్నారు. మన ఊరి పేరొక్కటే తెలుసట. మెట్ల కింద కోట్లుండే ఇల్లెక్కడండీ అని పొద్దుణ్ణించీ అడుగుతూ తిరిగారట. శ్యాం తాతయ్యా ఆయనా ఒకే గదిలో ఉండేవారట. తెలుగు తాతయ్యే నేర్పాడట."

"కోటు నువ్వెందుకు పుచ్చుకున్నావు?"

"ఇప్పుడు తీసుకెళ్తున్నది నేను కదా. నేనే తెచ్చి తగిలిస్తాను."

"ఆయనకి ఫోనివ్వు."

"అక్కాయ్," అన్నాడు అతను. శ్యాంబాబూ అలాగే, చివర కాస్త సాగదీసి పిలిచేవాడు.

"నువ్వు చూశావా?"

"చూశానండి. పక్కనే ఉన్నానండి."

"మా గుమ్మందాకా వచ్చి మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళావు, నాయనా."

"పర్లేదండి."

"ఏమన్నా తిన్నావా?"

జవాబు వినపడేలోపు సిగ్నల్ పోయింది.

మర్నాడు సంపూర్ణమ్మ పాస్టరు విజయ్ పాల్ గారింటికి వెళ్ళింది.

"ఈ ఆదివారం మా తమ్ముడికి జ్ఞాపకార్థ కూటం పెట్టించండి."

"చూసినవాళ్ళెవరూ లేరనేవారు కదండీ?"

"ఉన్నారండి," అంది ఆమె.

శ్యాంబాబు ఇక తిరిగి రాలేదు. 2021 మే నెలలో, ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాని రోజున, ఢిల్లీలో అతన్ని ఒంటిచేత్తో మట్టి చేసింది ఆమె స్వెట్టర్లు అమ్మేవాడనుకున్న ఆ మనిషే.