వాపు లేని నొప్పి

“నిజంగనే విరిగిందా తాతా?” అని గోపమ్మ మళ్లీ అడిగింది.

ఎముకలు కట్టే మల్లప్ప ఆమె ఎడమకాలి పిక్కను వేళ్లతో తడిమి చూసి తల ఊపాడు.

“విరిగింది బిడ్డా. ఫికర్ జెయ్యకు, అతుకుతది. పండుకున్న జాగల్నుంచి కదలకుంటే సాలు.”

గోపమ్మ కళ్లు మూసుకుంది. చెంపల మీదుగా నీళ్లు కారాయి. చూసినవాళ్లంతా అయ్యో పాపం అన్నారు. అత్త సైదమ్మ ఇంటి గుంజకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దున కోడలు లేవలేనంటే చేతికి కడవ ఇచ్చి బావికి తోలింది ఆవిడే మరి.

“మెట్ల పక్క బండ పాకుడు పట్టింది. మొన్న నేను గూడ జారబోయిన. గంత ఎత్తు నుంచి పడితే కాలు ఉంటదా?” అంది పక్కింటి బీరమ్మ.

“గా బండను పలగ్గొట్టాలె,” అన్నాడు గోపమ్మ మొగుడు పర్వతాలు పళ్లు కొరుకుతూ.

మల్లప్ప కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి, పంచె పీలికలతో మోకాలి దాకా కట్టు కట్టాడు. వాకిట్లో నిలబడినవాళ్లకు కూడా కనపడేంత కట్టు.

నిన్నటిదాకా ఆ ఇంట్లో గోపమ్మ పేరు పనిదొంగ.

వాళ్లది దేవరకొండ పక్కన కురుమల పల్లె. పర్వతాలు గొంగళ్లు నేస్తాడు. ఆడవాళ్లు ఉన్ని ఏకి, రాట్నం మీద దారం వడికితేనే మగ్గం ఆడేది. గోపమ్మ వడికిన దారమంటే ఒకప్పుడు ఊళ్లో పేరు. కొన్నేళ్లుగా ఆ చేతులు మాట వినడం లేదు. మెడ దగ్గర మొదలైన నొప్పి భుజాలకు, నడుముకు, తొడలకు పాకి ఒళ్లంతా తిష్ఠ వేసింది. రాత్రంతా పడుకున్నా, తెల్లారి లేస్తే ఎవరో గొడ్డును బాదినట్టు బాది పోయినట్టుండేది. గాజులు బరువు. రవికె ఒత్తుకున్నా నొప్పే. ఎప్పుడన్నా ఒక రోజు కాస్త తగ్గేది. ఆ రోజు ఆశ కొద్దీ బండెడు చాకిరీ చేసేది. మర్నాడు మంచం దిగలేకపోయేది. దాంతో ఇంకా చెడ్డపేరు.

“నిన్న దంచితివి, ఏకితివి, ఉరికితివి. ఇయ్యాల ఏమొచ్చిందే? వాపు లేదు, జరం లేదు, పుండు లేదు. మరి యాడ నొస్తాంది?” అనేది సైదమ్మ.

“అంతట నొస్తాంది అత్తా.”

“అంతట నొచ్చుడేందే? రజాకార్లు బాదినోళ్లు గూడ గిట్ల మూల్గలే!”

పర్వతాలు మంచివాడే. బండి కట్టి దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు గుండె విని, కీళ్లు వంచి చూసి, ఏ రోగమూ లేదు పొమ్మని బలానికి గోలీలు ఇచ్చాడు. ఏ రోగమూ లేదన్న ఆ ముక్క గోపమ్మ కంటే ముందే ఊరు చేరింది. ఆ తర్వాత గాలి సోకిందేమోనని వేపమండలతో కొట్టించారు. ముట్టుకుంటేనే మండే ఒంటికి అది గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆమె పెట్టిన కేకలకు గాలి దిగిపోయిందని అందరూ సంబరపడ్డారు.

నయమవుతుందన్న ఆశ గోపమ్మ ఎప్పుడో వదులుకుంది. నొస్తోందంటే ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నమ్మితే చాలనుకునేది. పని చేయలేకపోవడం కన్నా దొంగ అనిపించుకోవడమే ఆమెకు ఎక్కువ బాధ.

కాలు విరిగాక మనుషులే మారిపోయారు. బీరమ్మ వేడి వేడి జొన్న గటక తెచ్చి తినిపించింది. పనిదొంగ అన్న నోళ్లే ‘జర పైలం’ అన్నాయి. సైదమ్మ తానే రాట్నం ముందు కూర్చుంది. తీరిక దొరికితే కోడలి పక్కన చేరి భుజాలు ఒత్తేది.

“ఎంత నొస్తాందో ఏమో! నిన్ను బాయికి తోలిన నా నోట్ల మన్నువడ!”

“నొస్తాంది అత్తా.”

“నొయ్యదా బిడ్డా! బొక్క ఇరిగితే నొయ్యదా!”

ఆవిడ ఒత్తుతుంటే గోపమ్మకు ప్రాణం పోయేది. అయినా వద్దనలేదు. నొస్తాంది అన్న మాటకు ఆ ఇంట్లో ఎదురుమాట రాకపోవడం అదే మొదలు. విరిగిన కాలు ఆమెకు లెక్కలోకే రాలేదు. ఒళ్లంతా ఉన్న నొప్పిలో అదొక మూల.

గొర్రెల ఉన్ని కత్తిరింపులు అయిపోయాక మల్లప్ప వచ్చి కట్టు విప్పాడు.

“రాయి లెక్క అతికింది. లేసి నడువు బిడ్డా.”

గోపమ్మ లేచి నాలుగడుగులు వేసింది.

“ఇంకొన్ని దినాలు కట్టు ఉండనియ్యి తాతా. ఒళ్లంత నొస్తాంది.”

“ఇరిగింది కాలు గదా, ఒళ్లెందుకు నొస్తది?” అని మల్లప్ప నవ్వాడు.

సైదమ్మ మొహం చిటపటలాడింది.

“మల్ల గా పాత ముచ్చట ఎత్తకు. కాలు మంచిగైంది. రేపట్నుంచి రాట్నం నీది, బాయి నీది.”

గోపమ్మ గుంజ పట్టుకుని కూలబడింది. అప్పుడే పర్వతాలు భుజాన సమ్మెటతో, ఒళ్లంతా రాతిపొడితో వచ్చాడు.

“భయపడకు. ఉన్ని పని ఒడిసినంక ఇయ్యాల తీరింది. గా బండను తునకలు జేసిన, మెట్టుమెట్టుకు గాట్లు గొట్టిన. ఇంక నీ కాలు జారదు.”

గోపమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. మొగుడి ప్రేమకు కరిగిపోయిందనుకుని బీరమ్మ కూడా కళ్లు తుడుచుకుంది.

కాలు విరిగిన ఆ రోజు గోపమ్మ జారలేదు, దూకింది.