మగకోతి ప్రేమ

"అది ప్రేమా? పచ్చి నాటకం! పెద్దకోతి కరుస్తుందని భయపడే మగకోతి, ఎవరి పిల్లనో చంకనేసుకుని దాని ముందుకెళ్తుంది. పిల్లను చూడగానే పెద్దది మెత్తబడుతుంది. అంతే!" అన్నాడు ఇదర్.

"పసిదాన్ని హత్తుకోవడం పుట్టుకతో వచ్చే గుణం. రక్తంలోనే ఉంటుంది. దాన్ని నాటకమంటావా?" పరిశోధన కేంద్రం పెద్ద సీ మొహా టీగ్లాసు ఠక్కున పెట్టాడు.

"పిల్లాజెల్లా లేని మీకేం తెలుస్తుందండీ?"

అనేశాక ఇదర్ నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ముసలాయన చెయ్యి లేచింది. అందరి ముందూ చెంప ఛెళ్లుమంది.

"రేపట్నుంచి అడవిలో కాలుపెట్టావో, కాళ్లు విరగ్గొడతా!" అంటూ ఆయన వెళ్లిపోయాడు.

అజ్రూ ఊరి పక్క దేవదారు అడవిలో కోతుల్ని లెక్కపెట్టి బతికే మాకు తగాదాలు మామూలే. మనిషిలో మంచీ చెడూ ఎక్కణ్నుంచి వచ్చాయో కనిపెడదామని వాటి వెంట పడ్డాం. మంచి సంగతేమో గానీ, చెడు మాత్రం బాగానే ఒంటబట్టింది. ఈసారి మాట మరీ లోతుగా దిగింది. సీ మొహా సంతకం లేనిదే ఇదర్‌ అడవిలోకి పోలేడు. అదీగాక పదకొండేళ్లుగా అతనికి గురువూ తండ్రీ ఆయనే.

"వెళ్లి ఆయన తల ముద్దుపెట్టుకుని, తప్పయిందని చెప్పు," అంది ఇంటికొచ్చాక భార్య ఇట్టో.

ఇదర్ తొమ్మిదినెలల కూతురు తూదాను దుప్పట్లో చుట్టి భుజానేసుకున్నాడు.

"దాన్నెందుకు?"

"ఊరికే. చల్లగాలికి."

"బయట మంచు పడుతోంది!"

"అయితే మంచుగాలికి."

ఇట్టో పడీపడీ నవ్వింది. "పద పద, మగకోతీ! నీకు చెట్టెక్కడమొక్కటే తక్కువ."

దారంతా ఇదర్ తనను తానే తిట్టుకున్నాడు. డాక్టరేటుంది, రెండు పుస్తకాలు రాశాడు, తీరా దాక్కోవడానికి పాలుతాగే పిల్ల కావలసివచ్చింది. పైగా పిల్లల్లేని మనిషి గుమ్మంలోకి పిల్లతోనా! ఆ సంగతి ఈ మహామేధావికి తలుపు కొట్టాక తట్టింది. వెనక్కి తిరిగేలోపు తలుపు తెరుచుకుంది.

సీ మొహా కోటూ బూట్లూ వేసుకుని ఎక్కడికో బయల్దేరుతున్నాడు. ఆయన చంకలో ఏడాది పిల్లాడొకడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఎవరండీ వీడు?" ఇదర్ నోరు తెరిచాడు.

"పక్కింటివాళ్లబ్బాయి," అన్నాడు ముసలాయన తల దించుకుని. "నీ దగ్గరికి ఒట్టిచేతుల్తో రావడానికి ధైర్యం చాల్లేదురా."