కేకల కొలువు

రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్లంతా తలలు వంచుకుని ఫోన్లో అదే రోలర్ కోస్టర్ ఆట ఆడుకోవడం మొదలుపెట్టాక, పార్కులో కేక వేసే నాథుడే లేకుండా పోయాడు. కేకల్లేని పార్కు ఆస్పత్రిలా ఉందని యాజమాన్యం బెంగపెట్టుకుని, అరవడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంది. అలా దొరికిందే మణెమ్మ కొలువు. ముందు వరుసలో కూర్చుని, ఎత్తు మీద "అమ్మో", మలుపులో "ఓరి నాయనో", జారేటప్పుడు "సచ్చిపోతున్న" అనాలి. ఆమె గొంతుకు మంచి పేరే వచ్చింది.

ఆ ఆదివారం బండి ఎత్తు ఎక్కుతుండగా, మణెమ్మ పడిపోకుండా ఒడి మీద అడ్డంగా ఉండే కడ్డీ టక్కున ఊడింది. ఆమె పక్కనున్న పెద్దమనిషి భుజం పట్టుకుంది.

"అన్నా, నా కడ్డీ ఊడింది. కిందోళ్లకు జర ఫోన్ చెయ్యి."

ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "గంత ఒర్రకు అక్కా. నా బండి మలుపుల ఉన్నది, పడిపోతది."

ఇంతలో అసలు బండి జారింది. మణెమ్మ ముందున్న కమ్మీని రెండు చేతులా కరుచుకుంది. భయానికి వేరే మాట నోటికి రాలేదు. రోజూ జీతానికి అరిచే "సచ్చిపోతున్న" అన్న మాటనే గొంతు చిరిగేలా అరిచింది.

కింద బండిని నడిపే మీట దగ్గరున్న యాదగిరి ఆ కేక విని మురిసిపోయాడు. ఆగబోతున్న బండిని ఆపకుండా మళ్లీ పైకి తోలి, మైకు అందుకున్నాడు.

"మణెమ్మక్కా, ఇయ్యాల అదరగొట్టినవ్. గట్లనే ఇంకో రౌండు."