డబ్బా చెప్పిన దారి

"ఎడమకా, కుడికా? తొందరగా చెప్పవోయ్, వెనకవాళ్ళు హారన్లతో చంపుతున్నారు!"

పక్క సీట్లో కూర్చున్న భార్య ఒళ్ళో ఫోను ఉంది. దాని తెరమీద నీలం బాణం నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి ఉంది. ఆవిడ వేలు ఎడమవైపు చూపించింది.

"నీ వేలు చూస్తూ కూర్చుంటే ముందున్న బస్సుని గుద్దేస్తాను. నోటితో చెప్పు."

"ఎ... ఎడ... ఎడమ."

"అదీ!" అంటూ ఆయన బ్రెడ్ వ్యాన్‌ని ఎడమకి తిప్పాడు.

ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. పక్షవాతం వచ్చి తగ్గాక చెయ్యీ కాలూ స్వాధీనంలోకి వచ్చాయి గానీ, నాలుక మాత్రం మొండికేసింది. ఓ రోజు ఏదో చెప్పబోతే, పక్కింటావిడ "ఏంటీ? ఏంటీ?" అని ఒకటికి మూడుసార్లు అడిగి, చివరికి జాలిగా నవ్వింది. అంతే, ఆ రోజు నుంచి నోటికి తాళం. కన్నకూతురు వచ్చి పలకరించినా తల ఊపడమే.

ఆ బాధ చాలదన్నట్టు ఆయనకి కొత్త జబ్బు పట్టుకుంది. జుట్టు నెరిసేదాకా బేకరీ వ్యాన్ నడిపిన మనిషి ఓ సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"సందులన్నీ కలగాపులగం అయిపోతున్నాయే! ఇవాళ రెండు కొట్లకి బ్రెడ్ అందలేదు. ఇలాగే అయితే వ్యాన్ ఇంకొకరికి ఇచ్చేస్తానంటున్నాడు ఓనరు."

ఈ వయసులో ఆయనకి ఇంకెవరు పనిస్తారు, అనుకుంది ఆవిడ. ఆ స్టీరింగ్ చేతిలో లేకపోతే దిగులుతోనే సగమైపోతాడు.

మర్నాడే అల్లుడు అగ్గిపెట్టెంత నల్లడబ్బా ఒకటి తెచ్చి, వ్యాన్ ముందద్దం దగ్గర అతికించాడు.

"మావయ్య ఫోను పాతది అత్తయ్యా. అదెక్కడుందో దానికే తెలీదు. ఇది జీపీఎస్ రిసీవరు. ఉపగ్రహాలు డబ్బాకి చెప్తాయి, డబ్బా ఫోనుకి చెప్తుంది. ఫోను మావయ్యకి చెప్పాలి. కానీ దాని స్పీకరు పోయింది. చెవికి ఆనించుకుంటేనే వినిపిస్తుంది."

"స్టీరింగ్ పట్టుకుని ఫోను చెవికెలా ఆనించుకుంటానోయ్?" అన్నాడు ఆయన.

మామా అల్లుళ్ళిద్దరూ ఆవిడవైపు చూశారు.

అలా ఆవిడ వ్యాన్ ఎక్కింది. డబ్బా మీద దీపం ఎర్రగా మిణుకుమంటే దారి వెతుకుతోందని, పచ్చగా నిలిస్తే దొరికిందని నేర్చుకుంది. క్షణం ఆలస్యం చేస్తే చాలు, ఆ మహానుభావుడు సందు దాటేసి ఎక్కడికో వెళ్ళిపోయేవాడు. అప్పుడు ఒక్క ముక్కతో సరిపోయేది కాదు. "వెనక్కి... తిప్పండి. మందుల కొట్టు... పక్కన... కుడికి." అంత పొడుగు మాట చెప్పేసరికి చెమటలు పట్టేవి. ఆయనేమో, "కుడికంటే మందుల కొట్టుకి ముందా, తర్వాతా?" అని ఇంకో ప్రశ్న వేసేవాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

"తర్వాత! ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"కోప్పడకే తల్లీ. నువ్వు కాకపోతే నాకెవరు చెప్తారు?"

ఆ మాటకి ఆవిడ మనసు కరిగిపోయేది. నోరెంత తడబడినా ధ్యాసంతా సందుల మీదే పెట్టేది.

ఓనరు ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆయన వ్యాన్ పక్కన ఆపి, దిగి, దూరంగా వెళ్ళి మాట్లాడేవాడు. మాట వినిపించేది కాదు. చెయ్యి అటూ ఇటూ ఊపుతూ ఏదో బతిమాలుతున్నట్టు కనిపించేవాడు. పాపం, ఎన్ని చీవాట్లు తింటున్నాడో అని ఆవిడ జాలిపడేది.

"ఏమన్నారండీ?"

"మామూలేలే. పద, తర్వాతి కొట్టెక్కడో చూడు."

బేకరీలో కుర్ర డ్రైవర్లు ఆయన్ని "గురువుగారూ" అని పిలిచేవాళ్ళు. దారులు మర్చిపోయినా పెద్దరికానికి మర్యాద ఇస్తున్నారు, వాళ్ళు చల్లగా ఉండాలి అనుకునేది ఆవిడ.

రోజూ పొద్దున్నే వ్యాన్ ఎక్కగానే ఆ డబ్బాని మెత్తటి గుడ్డతో తుడిచేది. "మా ఆయన పని నిలబెట్టావు. నీ రుణం ఎలా తీర్చుకోను నాయనా?" అని దానితో మాట్లాడేది. ఇప్పుడు రోజుకి ఒక్క సందు కూడా తప్పడం లేదు.

ఆ రోజు చివరి కొట్టు దగ్గర ఆయన ట్రేలు దించుకుని లోపలికి వెళ్ళాడు. ఒళ్ళో ఫోను మోగింది. ఓనరు!

ఎత్తకపోతే మళ్ళీ దారి తప్పాడనుకుంటాడేమో! ఆవిడ కంగారుగా తెర మీద ఏదో నొక్కింది.

"గురువుగారూ!" వ్యానంతా దద్దరిల్లేలా వినిపించింది ఓనరు గొంతు.

పోయిందన్న స్పీకరు ఇంత గట్టిగా ఎలా పలికిందో ఆలోచించే తీరిక ఆవిడకి లేదు.

"అయ్యా, నేను ఆయన భార్యని. దండం పెడతాను, ఆయన్ని పనిలోంచి తీసెయ్యకండి. నేను పక్కనే కూర్చుని దారి చెప్తున్నాను. ఇప్పుడు ఏ కొట్టుకీ ఆలస్యం కావడం లేదు. ఆ వ్యానంటే ఆయనకి ప్రాణం బాబూ!"

ఎక్కడా తడబడకుండా అంత మాటా చెప్పేసి, తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఆగిపోయింది.

"గురువుగారిని తీసెయ్యడమేంటమ్మా? కొత్త డ్రైవరు మళ్ళీ ఎక్కడో చిక్కుకుపోయాడు, అందుకు చేశాను."

"ఆయనకెందుకండీ?"

"మా డ్రైవర్లందరికీ దారి చెప్పేది ఆయనే కదమ్మా!"